పిల్లి భయమూ, రక్తంలోని చక్కెరా

పాల్వంచ దాటి భద్రాచలం వైపు పోయే దారిలో, కిన్నెరసాని అడవుల అంచున ఉన్న ఒక ఊళ్ళో నాకు ఒక మిత్రుడు ఉన్నాడు. ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాడు. ఆయన ఇంట్లో తొమ్మిదేళ్ళ గండుపిల్లి ఒకటి ఉన్నది. పాలన్నం తిని బాగా బలిసిన పిల్లి. ఒక ఏడాది చలికాలంలో అది అదేపనిగా నీళ్ళు త్రాగడం మొదలుపెట్టినది. గిన్నెలోని నీళ్ళు చాలక గేదెల కుడితితొట్టిలో కూడా మూతి పెట్టేది. తిండి తగ్గలేదు, ఒళ్ళు మాత్రం తగ్గిపోతున్నది. వెనుక కాళ్ళ మడమలు నేలకు ఆనించి, కుందేలు కూర్చొన్నట్లు వంగి నడవసాగినది. ఇంట్లో వాళ్ళు ముసలితనం అనుకొన్నారు. మిత్రుని తల్లి అనుకోలేదు. పెరట్లో బూడిదకుప్పమీద పిల్లి మూత్రం పోసిన చోట చీమలు పట్టి ఉండడం ఆమె చూసినది. "దీనికి నా రోగమే వచ్చిందిరా" అన్నది. ఆమె పదిహేనేళ్ళుగా మధుమేహ రోగి.

మధుమేహం అన్న పేరే ఆ చీమల పరీక్షను గుర్తుచేస్తుంది. మన ప్రాచీన వైద్యులు తేనెవంటి మూత్రం అని దానికి పేరు పెట్టారు. అటువంటి మూత్రానికి చీమలు చేరుతాయని కూడా గమనించారు. ఆ తీపికి కారణం చక్కెరయే అని 1776 లో ఇంగ్లండులో మాథ్యూ డాబ్సన్ అనే వైద్యుడు నిరూపించాడు. రోగి మూత్రాన్ని ఇగురబెట్టి, అడుగున మిగిలిన తెల్లని పదార్థం చక్కెర వలెనే ఉన్నదని చూపాడు. రక్తంలోని నీటిభాగం కూడా తియ్యగా ఉన్నదని వ్రాశాడు. అనగా చక్కెర మూత్రపిండాలలో పుట్టినది కాదు, రక్తంనుండి వచ్చినది.

మా మిత్రుడు పిల్లిని బుట్టలో పెట్టి, పైన గుడ్డ కట్టి, బస్సులో పట్టణానికి తీసుకొనిపోయాడు. అక్కడి పశువైద్యుడు రక్తం తీసి చూశాడు. 100 మిల్లీలీటర్లకు 410 మిల్లీగ్రాముల చక్కెర ఉన్నది. ఆరోగ్యంగా ఉన్న పిల్లిలో అది సుమారు 70 నుండి 150 వరకు ఉంటుంది. పూటకు ఒక యూనిటు చొప్పున రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ ఇమ్మన్నాడు. రెండు వారాల తరువాత మళ్ళీ బుట్ట, మళ్ళీ బస్సు: 390. మోతాదు రెండు యూనిట్లు అయినది. మరి రెండు వారాలకు 400. మోతాదు మూడు అయినది. ఆ తరువాత ఐదవ రోజు తెల్లవారుజామున పిల్లి గోడకు గుద్దుకొంటూ తూలి, ప్రక్కకు పడి, కాళ్ళు కొట్టుకోసాగినది. తల్లి గబగబ తన యంత్రం తెచ్చి, పిల్లి చెవి అంచున సూదితో గుచ్చి, వచ్చిన బొట్టును పట్టీమీద పెట్టినది. 38 చూపినది. ఆమె తేనె సీసా తెచ్చి వేలితో చిగుళ్ళకు రాస్తూ కూర్చొన్నది. అరగంటకు పిల్లి తల ఎత్తినది.

పట్టణంలో 400, ఇంట్లో 38. మోతాదు పెంచిన వైద్యునిది తప్పా? తన ముందు ఉన్న అంకెను బట్టి చూస్తే ఆయన చేసినది సబబే. ఆయనే తరువాత "ఈసారి బయలుదేరేముందు ఇంటి దగ్గర కొలిచి, ఆ అంకె కాగితంమీద వ్రాసి తెండి" అన్నాడు. అట్లాగే చేశారు. తగ్గించిన మోతాదు ఇచ్చేముందు ఉదయం ఇంట్లో 210 ఉన్నది. ఇన్సులిన్ ఇచ్చి బుట్టలో పెట్టారు. రెండు గంటల తరువాత పట్టణంలో 372! మందు పడిన తరువాత తగ్గవలసినది పోయి, పెరిగినది. ఈ వింతకు సమాధానం నూరేళ్ళకు పూర్వమే శాస్త్రజ్ఞులకు చిక్కినది. చిక్కినదీ పిల్లిలోనే.

1878 లో బోమ్, హాఫ్‌మన్ అనే ఇద్దరు జర్మన్ పరిశోధకులు పిల్లులలో పిండిపదార్థాలు ఎట్లా ఖర్చవుతాయో చూస్తున్నారు. ప్రయోగానికని బల్లమీద కట్టివేసిన పిల్లుల మూత్రంలో చక్కెర కనిపించినది. అవి మధుమేహం ఉన్న పిల్లులు కావు. కట్లు విప్పితే చక్కెర మాయమయ్యేది. దీనికి వారు "బంధన మధుమేహం" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. కాని కట్టు బిగువు వలన వచ్చినదా, నొప్పి వలనా, చలి వలనా, భయం వలనా అన్నది తేలలేదు. ప్రయోగంలో ఒకేసారి నాలుగు కారణాలు కలిసి ఉంటే ఇదే చిక్కు.

ఆ చిక్కు విప్పినవాడు అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయ శరీరధర్మ శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్. 1911 లో ఆయనా ఆయన సహచరులూ పిల్లులను నొప్పి కలగకుండా మెత్తని పట్టీలతో కట్టి, వెచ్చగా ఉంచి, మూత్రం పరీక్షించారు. పడుచు మగపిల్లులు కట్టగానే కళ్ళు పెద్దవి చేసి, వెంట్రుకలు నిక్కబొడుచుకొని పెనుగులాడాయి. వాటి మూత్రంలో చక్కెర త్వరగా కనిపించినది. వయసు మళ్ళిన ఆడపిల్లులు నిదానంగా పడుకొన్నాయి. వాటిలో చాలా ఆలస్యమైనది. కట్టు రెండింటికీ ఒకటే, భయమే వేరు. అప్పటికీ తృప్తి పడక కానన్ మరొకటి చేశాడు. పిల్లిని కట్టకుండా బోనులో ఉంచి, బయట ఒక చురుకైన కుక్కను వదిలాడు. కుక్క బోనుమీదికి ఎగిరి మొరిగినది. దానిని తాకనైనా లేదు. అయినా పిల్లి మూత్రంలో చక్కెర వచ్చినది! అధివృక్క గ్రంథులు తీసివేసిన పిల్లులు మాత్రం కట్టినపుడు ఉద్రేకపడినా వాటి మూత్రంలో చక్కెర రాలేదు.

కారణం ఇది. మూత్రపిండాలకు పైన అంటుకొని ఉండే అధివృక్క గ్రంథులు భయంలో, కోపంలో ఎడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. కాలేయంలో గ్లైకోజన్ రూపంలో నిలవ ఉన్న పిండిపదార్థం దాని వలన గ్లూకోజుగా మారి రక్తంలోకి వస్తుంది. ముందు పరుగో పోరాటమో ఉన్నది కనుక కండరాలకు ఇంధనం కావాలి. పిల్లికి పరుగెత్తే వీలు లేక బుట్టలో కూర్చొని ఉంటే ఆ చక్కెర ఖర్చు కాదు, రక్తంలోనే నిలుస్తుంది. ఆరోగ్యం గల పిల్లిలో ఇన్సులిన్ దానిని మెల్లగా సర్దుతుంది. మధుమేహం ఉన్న పిల్లిలో సర్దేవారు లేరు. 2002 లో ఆస్ట్రేలియాకు చెందిన జాక్వీ రాండ్, ఆమె సహచరులు పిల్లులకు ఐదు నిముషాలపాటు నీళ్ళు చిలకరించి స్నానం చేయించి, రక్తం పరీక్షించారు. ఎక్కువగా పెనుగులాడిన పిల్లులలో చక్కెర ఎక్కువగా పెరిగినది. స్నానమే అంత పని చేస్తే, రెండు గంటల బస్సు ప్రయాణమూ, హారన్లూ, ఎదురుసీటు క్రింది కోళ్ళ గంపా ఏమి చేస్తాయో ఊహించవచ్చు.

విద్యార్థులకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. భయం చక్కెర పిల్లికే పరిమితమా అని కానన్‌కు సందేహం కలిగినది. తొమ్మిదిమంది వైద్యవిద్యార్థులను పరీక్షించగా, కఠినమైన పరీక్ష వ్రాసివచ్చిన తరువాత నలుగురి మూత్రంలో చక్కెర కనిపించినది. సులభమైన పరీక్ష తరువాత ఒక్కరిలోనే. 1913 లో హార్వర్డ్ ఫుట్‌బాల్ జట్టు ఆ ఏటి ఆఖరి ఆట ఆడిన వెంటనే జట్టులోని 25 మందిని పరీక్షించారు. 12 మందిలో చక్కెర ఉన్నది. ఆ పన్నెండుమందిలో ఐదుగురు అసలు ఆటలో దిగనేలేదు. గట్టుమీద కూర్చొని చూసినవారే.

ఆ పరీక్షలో కానన్‌తో కలిసి పనిచేసినవాడు సైరస్ ఫిస్కే. ఈ పేరు తెలుగువారు మరువరానిది. పదేళ్ళ తరువాత, 1923 లో, భీమవరంలో పుట్టి రాజమహేంద్రవరంలో చదువుకొన్న యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ చేరాడు. హార్వర్డ్ జీవరసాయన శాఖలో ఆయన పనిచేసినది ఈ ఫిస్కేతోనే. ఫాస్ఫరస్‌ను రంగు గాఢతను బట్టి కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి 1925 లో వెలువడినది. ఆ పద్ధతి ఆధారంగానే వారు కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927 లో కనుగొన్నారు. అందుకు వాడినవీ పిల్లి కండరాలే. ఆ శాఖకు అధిపతి ఆటో ఫోలిన్. రక్తంలో చక్కెరను కొలవడానికి చాలాకాలం ప్రపంచమంతటా ఆసుపత్రులలో వాడిన ఫోలిన్-వూ పద్ధతి ఆయన పేరుమీద ఉన్నదే. దాని దగ్గరకు మళ్ళీ వస్తాను.

ముందు మందు సంగతి. 1889 లో స్ట్రాస్‌బర్గులో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ ఒక కుక్క క్లోమాన్ని తీసివేయగా దానికి మధుమేహం వచ్చినది. క్లోమంలో చక్కెరను అదుపుచేసే పదార్థం ఏదో ఉన్నదని తెలిసినది గాని, దానిని బయటకు తీయడానికి మరి 32 ఏళ్ళు పట్టినది. 1921 వేసవిలో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ కుక్కల మీద చేసిన ప్రయోగాలూ, తరువాత కాలిప్ ఆల్కహాలుతో ఆ రసాన్ని శుద్ధిచేయడమూ, 1922 జనవరిలో లియోనార్డ్ థామ్సన్ అనే 14 ఏళ్ళ బాలుడు బ్రతకడమూ పాఠ్యపుస్తకాలలో ఉన్నవే. పాఠ్యపుస్తకాలు అంతగా చెప్పనిది "యూనిటు" పుట్టుక. ఇంటివద్ద సూది వేసేవారికి అన్నిటికంటె అవసరమైనది అదే.

మొదట తయారైన ఇన్సులిన్ శుద్ధమైనది కాదు. ఒక సీసాలోని మందుకు ఉన్న బలం మరొక సీసాకు ఉండేది కాదు. మిల్లీగ్రాములలో తూచి లాభం లేదు. అందుచేత మందు చేసే పనినిబట్టి కొలత పెట్టారు. 24 గంటలు మేత లేకుండా ఉంచిన రెండు కిలోగ్రాముల కుందేలు రక్తంలో చక్కెరను నాలుగు గంటలలో 45 మిల్లీగ్రాములకు దింపి, మూర్ఛ తెప్పించే మందు ఎంతో, అది ఒక యూనిటు అన్నారు. మనుష్యులకు అది మరీ పెద్ద కొలత అని తెలిసి, తరువాత దానిలో మూడవ వంతును యూనిటుగా నిర్ణయించారు. మూర్ఛపోయిన కుందేలుకు గ్లూకోజు ఎక్కిస్తే నిముషాలలో లేచి గెంతేదని కూడా టొరంటోలో చూశారు. ఆ తెల్లవారుజామున మా మిత్రుని తల్లి తేనెతో చేసినది అదే పని. యూనిటు అన్న మాట పుట్టినదే మూర్ఛ అంచున అని ఇన్సులిన్ సీసా పట్టుకొనేవారు జ్ఞాపకం ఉంచుకోవడం మంచిది.

ఇక యూనిట్లు ఎంత నీటిలో ఉన్నవన్నది వేరే ప్రశ్న. ఇక్కడే ఇంట్లో పొరపాటు జరుగుతుంది. మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉన్న సీసాలూ, 100 యూనిట్లు ఉన్న మందులూ రెండూ అమ్ముతున్నారు. 40 యూనిట్ల మందుకు ఎర్రమూత సిరంజి, 100 యూనిట్ల మందుకు నారింజరంగు మూత సిరంజి. 40 యూనిట్ల మందులో ఒక యూనిటు అంటే మిల్లీలీటరులో 40 వ వంతు, అనగా 0.025 మి.లీ. ఒక నీటి బొట్టులో ఇది సుమారు సగం. ఇప్పుడు 100 యూనిట్ల మందును పొరపాటున ఎర్రమూత సిరంజిలోకి ఒక గీత వరకు తీశారనుకొనండి. తీసినది అదే 0.025 మి.లీ. కాని అందులో ఉన్నది రెండున్నర యూనిట్లు. 70 కిలోల మనిషికి ఒకటిన్నర యూనిటు హెచ్చయితే ఏమో గాని, నాలుగు కిలోల పిల్లికి ప్రాణం మీదికి వస్తుంది. దీనికి విరుద్ధంగా చేస్తే, అనగా 40 యూనిట్ల మందును నారింజమూత సిరంజిలో ఒక గీత తీస్తే, పడేది 0.4 యూనిటు. పదవ తరగతి లెక్కల గంటలో ఈ లెక్క చేయించవచ్చు. లాభనష్టాల లెక్కలకంటె పిల్లలు శ్రద్ధగా చేస్తారని మా మిత్రుడు అంటాడు.

పిల్లికి మనిషి ఇన్సులిన్ పనిచేస్తుందా అని తరగతిలో తప్పక అడుగుతారు. ఇన్సులిన్ ఒక మాంసకృత్తు. అందులో 51 ఎమైనో ఆమ్లాలు రెండు గొలుసులుగా ఉంటాయి. ఆవు ఇన్సులిన్‌లో ఆ ఆమ్లాల వరుసను ఇంగ్లండులో ఫ్రెడరిక్ సాంగర్ 1955 నాటికి పూర్తిగా తేల్చాడు. 1958 లో నోబెల్ బహుమతి పొందాడు. ఈ వరుస జంతువునుబట్టి కొద్దిగా మారుతుంది. పంది ఇన్సులిన్‌కూ మనిషి ఇన్సులిన్‌కూ ఒక్క చోట తేడా. కుక్కదీ పందిదీ ఒకటే. పిల్లిదానికీ మనిషిదానికీ నాలుగు చోట్ల తేడా. కాని పిల్లిదానికీ ఆవుదానికీ ఒకే ఒక్క చోట! వేటాడే మృగానికీ గడ్డి మేసే పశువుకూ ఈ చుట్టరికం వింతగా లేదా? పని మాత్రం అన్నీ చేస్తాయి. చిక్కు తేడాలో లేదు, కాలంలో ఉన్నది. పిల్లి శరీరం ఇన్సులిన్‌ను త్వరగా ఖర్చుచేస్తుంది. మనిషికి రోజంతా పనిచేసే మందు పిల్లిలో తొందరగా దిగిపోతుంది. 1936 లో డెన్మార్కులో హాగెడార్న్ చేపల వీర్యంలోని ప్రోటమిన్ అనే పదార్థాన్ని కలిపి, ఇన్సులిన్ మెల్లగా కరిగేటట్లు చేశాడు. దానికి యశదం చేర్చి చేసిన రకం పిల్లులకు చాలాకాలం వాడారు. ఇప్పుడు గ్లార్జిన్ వంటి దీర్ఘకాలిక ఇన్సులిన్లు ఎక్కువ వాడుకలో ఉన్నాయి. ఏది వాడినా సాధారణంగా పన్నెండు గంటలకు ఒకసారి వేయవలసిందే. ఒక పూట పిల్లి అన్నం ముట్టకపోతే మామూలు మోతాదు వేయకుండా వైద్యుని అడగాలి.

చాలా పిల్లులకు వచ్చేది పెద్దవయసులో మనుష్యులకు వచ్చే రకం మధుమేహమే. వాటి క్లోమంలోని లాంగర్‌హాన్స్ పుటికలలో పిండిలాంటి ఒక పదార్థం పేరుకొంటుంది. 1987 లో స్వీడన్ దేశపు వెస్టర్‌మార్క్, ఆయన సహచరులు ఆ పదార్థాన్ని మనిషి కంతినుండీ, మధుమేహం ఉన్న పిల్లి పుటికలనుండీ తీసి, రెండూ ఒకే జాతి మాంసకృత్తు అని చూపారు. స్థూలకాయం తగ్గి, చక్కెర కొన్ని వారాలు అదుపులో ఉంటే కొన్ని పిల్లులలో పుటికలు కోలుకొని, ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. ఇది ఆనందం కలిగించే మాటే గాని ఇందులో అపాయం కూడా ఉన్నది. కోలుకొంటున్న పిల్లికి పాత మోతాదే ఎక్కువై కూర్చొంటుంది. పాలన్నం మాన్పించి ఒక్కసారిగా మాంసం, చేపలు మొదలుపెట్టినా అంతే. పిండిపదార్థం తగ్గిన రోజునుండి ఇన్సులిన్ కూడా తగ్గవలసి వస్తుంది. ఆ సంగతి కొలిచి చూస్తే తప్ప తెలియదు.

కొలవడం ఎట్లా ఇంటికి వచ్చినదో చూద్దాం. పాఠశాల ప్రయోగశాలలో అందరికీ పరిచయమైన బెనెడిక్ట్ ద్రావణం 1908 నాటిది. మైలుతుత్తం కలిసిన ఆ నీలి ద్రావణంలో నాలుగు చుక్కలు మూత్రం వేసి కాచితే ఆకుపచ్చ, పసుపు, ఇటుక ఎరుపు రంగులు వస్తాయి. ఎన్నో ఏళ్ళు ఇళ్ళలో మధుమేహ రోగులకు ఉన్న సాధనం ఇది ఒక్కటే. కాని మూత్రం నిన్నటి వార్తలు చెప్పే పత్రిక వంటిది. మనిషి రక్తంలో చక్కెర సుమారు 180 దాటితేనే మూత్రంలో కనిపిస్తుంది. పిల్లిలో ఆ గట్టు ఇంకా ఎత్తు, సుమారు 270. దాని దిగువన 200 ఉన్నా, 38 ఉన్నా ద్రావణం నీలంగానే ఉంటుంది. పిల్లి ప్రాణం పోయేది ఆ నీలిరంగులోనే.

రక్తాన్నే కొలవాలంటే 1920 నాటి ఫోలిన్-వూ పద్ధతి ఉన్నది. దానికి రెండు మిల్లీలీటర్ల రక్తం కావాలి. నాలుగు కిలోల పిల్లి శరీరంలో ఉండే రక్తం మొత్తం సుమారు పావులీటరు. రెండు గంటలకు ఒకసారి చొప్పున రోజంతా కొలిస్తే పదోవంతు రక్తం పరీక్షలకే పోతుంది! ప్రయోగశాలకు అది సరిపోయినది గాని పిల్లికి సరిపోదు. 1928 లో ఒక బూజులో కనుగొన్న గ్లూకోజు ఆక్సిడేజ్ అనే ఎంజైము ఈ దారి మార్చినది. అది గ్లూకోజుతో మాత్రమే చర్య జరుపుతుంది కనుక ఒక్క బొట్టు చాలు. 1960 ల నడుమ దానిని కాగితపు పట్టీకి పట్టించి రక్తపు బొట్టు వేసి రంగు చూసే పద్ధతి వచ్చినది. 1970 లో ఆ రంగును చదివే యంత్రం అమెరికాలో అమ్మకానికి వచ్చినది. బరువు కిలోకు పైన. దానిని వైద్యులకే అమ్మేవారు. రోగి తన రక్తాన్ని తాను కొలుచుకోవడం అనే ఆలోచన అప్పటికి ఎవరికీ లేదు. చిన్ననాటినుండి మధుమేహంతో బాధపడుతున్న రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజనీరు, తన భార్య వైద్యురాలు కనుక ఆమె పేరుతో ఆ యంత్రం తెప్పించుకొని, రోజుకు అనేకసార్లు కొలుచుకోసాగాడు. అట్లా దొడ్డిదారిన ఆ యంత్రం మొదటిసారి ఇంటి గడప దాటి లోపలికి వచ్చినది.

పిల్లి దగ్గరకు రావడానికి మరి ముప్ఫై ఏళ్ళు పట్టినది. 2000 లో స్విట్జర్లాండులోని జ్యూరిక్‌లో వెస్, రాయిష్ అనే పశువైద్యులు కుక్కల, పిల్లుల చెవి అంచునుండి ఒక బొట్టు తీసి చిన్న యంత్రంతో కొలిచే పద్ధతిని పరీక్షించి ప్రకటించారు. తరువాత యజమానులకే దానిని నేర్పించారు. చెవిని గోరువెచ్చని గుడ్డతో కాసేపు పట్టి ఉంచితే రక్తం చేరుతుంది. వెనుక దూది ఆనించి అంచున గుచ్చాలి. పిల్లి తనకు అలవాటైన చాపమీద, తన మనిషి ఒళ్ళో ఉంటుంది. మొదటి రోజులలో గోళ్ళు పడినా, పని అయిన వెంటనే ఒక చేపముక్క పెడుతూ వస్తే చాలా పిల్లులు వేళకు తామే వచ్చి కూర్చొంటాయి.

అయితే మనిషికి చేసిన యంత్రం పిల్లి రక్తాన్ని కొంత తక్కువగా చదువుతుంది. మనిషి రక్తంలోని గ్లూకోజులో సుమారు 42 శాతం ఎర్రకణాలలో, 58 శాతం ప్లాస్మాలో ఉంటుంది. పిల్లిలో ఎర్రకణాలలో ఉండేది 7 శాతమే, తక్కిన 93 శాతం ప్లాస్మాలోనే. మనిషి లెక్కకు అమర్చిన యంత్రం ఈ తేడాను ఎరుగదు. పిల్లులకోసం ప్రత్యేకంగా అమర్చిన యంత్రాలు ఉన్నాయి. అవి దొరకనిచోట మామూలు యంత్రమే వాడవచ్చు, కాని ఎప్పుడూ ఒకటే వాడాలి, ఏది వాడుతున్నదీ వైద్యునికి చెప్పాలి. భయంతో సంబంధం లేకుండా రెండుమూడు వారాల సగటును తెలిపే ఫ్రక్టోజమిన్ అనే రక్తపరీక్ష కూడా ఉన్నది. దానికి ప్రయోగశాల కావాలి.

అడవి అంచు ఊళ్ళలో ఈ కథకు రెండు ప్రత్యేకమైన చిక్కులు ఉన్నాయి. ఒకటి ఎండ. భద్రాచలం, కొత్తగూడెం ప్రాంతంలో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. కరెంటు పోతే శీతలయంత్రం ఉన్నా లేనట్లే. తెరవని ఇన్సులిన్ 2 నుండి 8 డిగ్రీలలో ఉండాలి. వాడుతున్న సీసా నాలుగు వారాలపాటు 25, 30 డిగ్రీల వరకు తట్టుకొంటుంది. గడ్డకట్టితే మాత్రం పనికిరాదు. మా మిత్రుడు ఒక మట్టికుండలో చిన్న కుండ పెట్టి, నడుమ తడి ఇసుక నింపి, నీడలో ఉంచి, అందులో సీసా దాస్తున్నాడు. నీరు ఆవిరి అవుతూ వేడిని తీసుకొనిపోవడం ఆయన పాఠంలోనిదే. కెన్యాలోని దగాహలే శరణార్థి శిబిరంలో ఇంటి ఉష్ణోగ్రత 25, 37 డిగ్రీల నడుమ మారుతూ ఉన్నా నాలుగు వారాలలో ఇన్సులిన్ బలం తగ్గలేదని 2021 లో ప్రకటించారు. మన మే నెల ఎండకు ఆ భరోసా చాలదు కనుక కుండ అవసరమే.

రెండవది పొడపత్రి. పిల్లికి సూది ఎందుకు, పొడపత్రి నూరి పోయండి అని ఆ ఊళ్ళో చెప్పనివారు లేరు. పొదలమీద అల్లుకొనే ఈ తీగ ఆకు నమిలితే కాసేపు నాలుకకు తీపి తెలియదు. పంచదార ఇసుకలాగా ఉంటుంది. 1847 లో ఎడ్జ్‌వర్త్ అనే ఆంగ్లాధికారి ఈ గుణాన్ని లండనులోని లినియన్ సొసైటీకి తెలిపాడు. 1887 లో ఉదకమండలంలో పనిచేసిన డేవిడ్ హూపర్ ఆ ఆకునుండి జిమ్నిమిక్ ఆమ్లాన్ని వేరుచేశాడు. మనుష్యుల మధుమేహంలో అది చక్కెరను కొంత తగ్గించగలదా అని పరిశోధనలు జరిగాయి. కాని అది ఇన్సులిన్‌కు బదులు కాదు, పిల్లిలో అసలే కాదు. పైగా దాని ప్రసిద్ధమైన గుణం పిల్లికి అనవసరం. తీపిని పట్టే నాలుక గ్రాహకానికి కావలసిన జన్యువు పిల్లిజాతిలో చెడిపోయి ఉన్నదని 2005 లో అమెరికాలో కనుగొన్నారు. పిల్లికి పంచదార పుట్టుకతోనే ఇసుక! చక్కెర పడిపోయిన పిల్లి తేనెగిన్నె చూపితే నాకదు. అందుకే తేనెను చిగుళ్ళకు రాయాలి. గొంతులో పోస్తే ఊపిరితిత్తులలోకి పోతుంది. తేలుకొన్న తరువాత అన్నం పెట్టి, వెంటనే వైద్యునికి కబురు చేయాలి.

మా మిత్రుని పిల్లికి ఇప్పుడు పూటకు ఒక యూనిటు నడుస్తున్నది. ఇంటి దగ్గర కొలిచిన అంకెలు ఒక నోటుపుస్తకంలో ఉన్నాయి. మొన్న ఆయన ఆ అంకెలను తరగతిలో ఇచ్చి గ్రాఫ్ కాగితంమీద గీయించాడు. గీత 150 కీ 260 కీ నడుమ ఎగుడుదిగుడుగా పోయినది. పట్టణంలో తీసిన నాలుగు బిందువులు మాత్రం కాగితం పైఅంచున విడిగా నిలిచాయి. వాటిని కలపాలా వద్దా అని పిల్లలు కొంతసేపు వాదించుకొన్నారు. చివరకు వేరే రంగుతో గుర్తుపెట్టి, ప్రక్కన "బస్సు" అని వ్రాశారు. ఆయన వారికి కానన్ పిల్లులనూ, ఫుట్‌బాల్ ఆటగాళ్ళనూ గురించి చెప్పాడు. వెనుక బల్లనుండి ఒక అమ్మాయి లేచి, "సార్, బుట్ట పట్టుకొని బస్సులో కూర్చొన్నరోజు మీ చక్కెర ఎంత ఉండెనో?" అని అడిగినది. ఆయన కొలుచుకోలేదట.